నాయనమ్మ వేళ్ళకు సరిపడే మూత

3వ తేదీ, సోమవారం

నా మూతను పాడుచేశారు. చేసింది అచ్చు గది పెద్ద, ఫ్యాక్టరీ అంతా బాబాయ్ అని పిలిచే మనిషి. ఎవరు చేశారో తెలియనట్టు నటించడం నాకు చేతకాదు. అందుకే ముందే రాసేశాను.

మధ్యాహ్నం నమూనాలు వచ్చాయి. అట్టపెట్టెలో నలభై తెల్లటి మూతలు, ఇంకా గోరువెచ్చగా, కొత్త ప్లాస్టిక్ వాసనతో. అయిదు నెలలు గీసి, చెరిపి, మళ్ళీ గీసిన మూత. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒక్క నిమిషం ఊరికే కూర్చున్నాను. తర్వాత ఒకటి తీసి బిళ్ళల సీసాకు బిగించాను. మూతకు రెండు పక్కలా చదునుగా ఉన్న చోట వేళ్ళు పెట్టి, నొక్కి తిప్పితేనే అది రావాలి. నొక్కకపోతే లోపలి పళ్ళు సీసా మెడ మీది గట్లను పట్టుకుని కదలనివ్వకూడదు. చిన్నపిల్లల చెయ్యి అంత వెడల్పు చాచలేదు. పెద్దవాళ్ళకు అంత బలం అక్కర్లేదు. నా సిద్ధాంతమంతా ఇదే.

నొక్కకుండా తిప్పాను. వచ్చేసింది. రెండోదీ వచ్చేసింది. మూడోది తిప్పలేదు కూడా. ఊరికే పైకి లాగితే చేతిలోకి వచ్చి కూర్చుంది.

పక్క బల్ల దగ్గర కొలతలు తీసే క్వాలిటీ అక్క తొంగి చూసింది.

"ఇది మూత కాదే, టోపీ. సీసా ఎండలోకెళ్ళేటప్పుడు పెట్టుకుంటుంది."

"నవ్వకక్కా. కొలువు."

కొలిచింది. లోపలి వ్యాసం 38.6. ఉండాల్సింది 38. అర మిల్లీమీటరు పైనే. పళ్ళు గట్లకు ఎలా అందుతాయి?

నేను గీసిన బొమ్మలో తప్పు లేదు. మూడుసార్లు చూశాను. ప్లాస్టిక్ చల్లారితే ముడుచుకుంటుంది కదా, అందుకోసం అచ్చును కాస్త పెద్దది చేసే ఆ లెక్క కూడా ఈసారి నేనే వేశాను, ఒకరి మీద ఆధారపడకుండా. ఇక మిగిలింది అచ్చు. అచ్చు చేసింది ఆయన.

4వ తేదీ, మంగళవారం

మేనేజరు గారు పిలిచారు. గోడ మీద క్యాలెండరులో ఒక గడి చుట్టూ నీలం సున్నా గీసి ఉంది.

"పద్నాలుగు, శుక్రవారం. అరవై దాటినవాళ్ళు పన్నెండు మంది. నీ మూతా, పాత మూతా, రెండూ ఇస్తాం. నీది పన్నెండు మందీ తీయగలిగితే, పిల్లలు తీయలేరని తేల్చే పరీక్షకు బయటికి పంపుతాను. లేదంటే పాత మూతకే కొత్త పెద్ద అచ్చు చేయించేస్తాను."

"పెద్ద అచ్చు చేయిస్తే మళ్ళీ ఎప్పుడు మారుస్తారు సార్?"

"పదేళ్ళు నడుస్తుందమ్మా. ఎందుకు మారుస్తాం?"

పదేళ్ళు.

నాయనమ్మకు డెబ్బై నాలుగు.

5వ తేదీ, బుధవారం

పొద్దున దువ్వెన కోసం వెతుకుతుంటే నాయనమ్మ అలమరలో పాత పౌడరు డబ్బా దొరికింది. కదిపితే గలగలమంది. లోపల గుండె బిళ్ళలూ మోకాళ్ళ బిళ్ళలూ కలిసిపోయి ఉన్నాయి, అన్నీ తెల్లగా పౌడరు అద్దుకుని.

"ఇదేంటి నాయనమ్మా?"

"పౌడరు డబ్బా."

"అందులో ఉన్నవి?"

"సువాసనగా ఉంటాయని వేశాను."

"నాయనమ్మా."

"ఏం చెయ్యమంటావే? ఆ సీసా మూత అరచేత్తో అదిమి తిప్పాలిట. అదిమితే తిప్పలేను, తిప్పితే అదమలేను. కరెంటు మీటరు చూసే అతను నెలకోసారి వస్తాడుగా, అతని చేత తీయించి ఇందులో పోసుకుంటాను. బంగారంలాంటి మనిషి."

"నేనున్నానుగా ఇంట్లో. నన్నడిగితే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు మూతలు గీసేదానివి. నీ మూత నేను తీయలేనంటే నీకు నామోషీ కదే."

పాత మూత నేను గీసింది కాదని చెప్పాను. అయితే ఎవరు గీశారని అడిగింది. తెలియదన్నాను. "ఎవరో వేళ్ళు బాగున్నవాళ్ళు" అంది, జడ అల్లుకోబోయి ఆపేసి, దువ్వెన నా చేతికిస్తూ.

ఏ బిళ్ళ ఏదో వేరుచేయడానికి పావుగంట పట్టింది. కింది వాటాలో మూడేళ్ళ పాప రోజూ మా ఇంట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చేస్తుంది. ఆ పౌడరు డబ్బా మూత ఆ పాప పంటితో తీయగలదు.

బస్సులో కూర్చుని కరపత్రం రాశాను. పిన్ను కొట్టిన చిన్న చిన్న ఉద్యమ పుస్తకాలు ఇన్నాళ్ళూ చదివింది ఎందుకు? "తప్పు చేసినవాడి కంటే తప్పు చూసి ఊరుకున్నవాడు ప్రమాదకరం" అని వాటిలోనే ఒకదాంట్లో ఉంది. పేజీ మడతపెట్టి ఉంచాను. నేను ఊరుకోను. భోజనాల వేళకు అచ్చు గది తలుపుకు అంటించేశాను. శీర్షిక: "అచ్చు గదిలో అన్యాయం". కింద సంతకం. దాక్కుని రాసేవాళ్ళంటే నాకు పడదు.

6వ తేదీ, గురువారం

బాబాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివారట. చదివి, "చేతిరాత ముత్యాల్లా ఉంది" అన్నారట. అంతే. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారట. కాగితం చించలేదు.

ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది.

అచ్చు గదిలో లేతు యంత్రాల మీద పనిచేసే మనుషులు నాకు దారి ఇస్తున్నారు, కానీ పలకరించడం లేదు. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర మూడు కుర్చీలు ఖాళీ. నిజం చెప్పేవాళ్ళు ఒంటరిగా తినాల్సి వస్తుందని చదివాను. ఒంటరిగా తింటే కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి చెప్పుకోవడానికి కూడా మనుషులు ఉండరని మాత్రం ఎవరూ రాయలేదు.

క్వాలిటీ అక్క చివర్లో వచ్చి కూర్చుంది.

"ఆయనతో ఒక్కసారి మాట్లాడావా?"

"అంటించాక మాట్లాడేదేముంది?"

"అంటించకముందు అడుగుతున్నా."

తన డబ్బాలోది సగం నాకు పెట్టి వెళ్ళిపోయింది.

7వ తేదీ, శుక్రవారం

కోపం తగ్గింది. పూర్తిగా తగ్గింది. రేపు వెళ్ళి ఆయన అచ్చును ఆయన కళ్ళముందే కొలుస్తాను.

8వ తేదీ, శనివారం

ఒంటిపూట. పన్నెండున్నరకు అందరూ వెళ్ళాక అచ్చు గదిలోకి వెళ్ళాను. జేబులో వ్యాసం కొలిచే కాలిపర్, లెక్క రాసిన కాగితం. మనసులో మూడు పదునైన వాక్యాలు.

బాబాయ్ ఒక్కరే ఉన్నారు, వీపు నావైపు పెట్టి వైసు మీదికి వంగి. దగ్గరికి వెళ్ళి చూశాను. ఉక్కు ముక్కను బిగించి పట్టుకోవాల్సిన వైసు దవడల మధ్య ఒక మందు సీసా మూత ఉంది. మూతకు గుడ్డ చుట్టి బిగించారు. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి, మూతలోకి అదుముతూ తిప్పుతున్నారు. టక్‌మంది. ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుని నీళ్ళు తాగి ఇటు తిరిగారు.

"తలుపు కొట్టి రావాలమ్మా, మనుషులు మందులేసుకునే చోట."

"ఇది అచ్చు గది బాబాయ్."

"అందుకే ఇక్కడ వేసుకుంటా. ఇంట్లో వైసు లేదు."

అప్పుడు చూశాను ఆయన చేతులు. ఈ ఫ్యాక్టరీలో చేరి ఏడాదిన్నర అయింది, ఒక్కసారి చూడలేదు. రెండు బొటనవేళ్ళ మొదళ్ళూ ఉబ్బి, లోపలికి తిరిగి ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. ఎక్కడా అనకు. చేతులు పట్టు తప్పాయని తెలిసిందంటే ఉక్కు అరగదీసే గ్రైండింగ్ పని నుంచి తీసి స్టోరులో కూర్చోబెడతారు. బోల్టులు లెక్కపెట్టుకుంటూ నేను బతకలేను."

అక్కడితో ఆగి ఇంటికి వచ్చేసి ఉండాల్సింది. కానీ నేను తేల్చుకోవడానికి వెళ్ళినదాన్ని.

"ముందు కోరు తీయండి" అన్నాను.

కోరు అంటే మూత లోపలి ఆకారాన్ని ఇచ్చే ఉక్కు దిమ్మ. నిలువునా పట్టుకుని బల్ల మీద పెట్టారు. అద్దంలా మెరుస్తోంది. కొలిచాను. 39.23. నా కాగితం పక్కన పెట్టాను: 38కి ముడుచుకునే లెక్క కలిపితే 38.61. మీరు 39.23 చేశారు. ఇదిగో, ఇక్కడ, అన్నాను.

పైగా ఇంకో మాట కూడా అన్నాను. ఇక్కడ రాయక తప్పదు. "చేతులు అలా ఉంటే కొలతలు తప్పవా మరి" అన్నాను.

బాబాయ్ సొరుగు లాగి నా బొమ్మ తీశారు. పెద్ద కాగితం, నాలుగు మడతలు. బల్ల మీద పరిచి మూలల మీద ఉక్కు ముక్కలు పెట్టారు.

"ముప్ఫై ఎనిమిది ఎక్కడుందో చూపించమ్మా."

వెతికాను. నా అక్షరాలు, నా గీతలు. లోపలి వ్యాసం దగ్గర నా చేత్తో రాసింది 38.61. దాని పక్కనే ఎర్ర పెన్సిలుతో ఆయన రాసింది 39.23.

"మా గదిలోకి బొమ్మ రాగానే మొదటి పని ఎర్ర పెన్సిలు. గీసేవాళ్ళు చల్లారిన మూత గీస్తారు. మేం వేడి మూతకు చోటిస్తాం. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే. నువ్వు వేడిది గీసి పంపావు, పైన ఒక్క ముక్క రాయకుండా. నేను ఇంకోసారి వేడి చేశాను. ముడుచుకునే లెక్క రెండుసార్లు పడింది."

"నాకెవరూ చెప్పలేదు."

"నిజమే" అన్నారు. "నేనూ అడగలేదు. నిండు అంకె కొలత కాకుండా ముప్ఫై ఎనిమిది పాయింటు అరవై ఒకటి అని ఎవరు గీస్తారని అప్పుడే అనుమానం రావాలి నాకు."

తప్పులో సగం తన వైపుకు లాక్కున్నారు, అడక్కుండానే. నాకు తల కొట్టేసినట్టయింది. కాలిపర్ అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

9వ తేదీ, ఆదివారం

ఇవాళ ఏమీ రాయను.

కొత్తవాళ్ళకు అలవాట్లు చెప్పకపోవడం కూడా తప్పే. ఎర్ర పెన్సిలు సంగతి ఎక్కడైనా రాసి పెట్టి ఉండాలి. వేడి కొలతా, చల్లారిన కొలతా అని రాయడానికి బొమ్మ మీద గడి ఉండాలి.

నేను ఆ చేతుల గురించి ఆ మాట అన్నాను.

గడి ఉండాల్సిందే. అది వేరే సంగతి.

10వ తేదీ, సోమవారం

పొద్దున్నే అచ్చు గదికి వెళ్ళాను. తలుపు మీద నా కరపత్రం అలాగే ఉంది, ఒక మూల గ్రీజు మరకతో.

"ఇన్ని రోజులు దీన్ని ఎందుకు తీయలేదు బాబాయ్?"

"కింద సంతకం నీది. నీ కాగితం నేనెలా తీస్తాను?"

నేనే తీశాను. భోజనాల వేళ క్యాంటీన్‌లో లేచి నిలబడి చదివాను: తప్పు బొమ్మలో ఉంది, బొమ్మ గీసింది నేను, అచ్చు గది పెద్దకు క్షమాపణ. గట్టిగా చదివాను, వంట చేసేవాళ్ళు కూడా బయటికి వచ్చి విన్నారు. లేతు మనుషుల్లో ఒకతను, "అయిపోయిందా, ఇంకా రెండో భాగం ఉందా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. చేతుల గురించి అన్న మాటకు క్షమాపణ అక్కడ చెప్పలేదు. అది అందరిలో చెప్పేది కాదు. తర్వాత విడిగా చెప్పాను. "ఏ మాట? నాకు ఒక చెవి సరిగ్గా వినపడదు" అన్నారు. చేతులు సరే, చెవులకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు.

సాయంత్రం దాకా ఆయన బల్ల దగ్గరే ఉన్నాను. నాలుగు రోజులే ఉన్నాయి. కొత్త కోరు చేయాలంటే మూడు వారాలు.

"బతికిపోయాం అమ్మాయ్. కోరు లావుగా వచ్చింది. లావుదాన్ని అరగదీయొచ్చు. సన్నగా వచ్చి ఉంటే ఉక్కు ఎక్కణ్ణుంచి తెచ్చి అతికిస్తాం?"

"అయితే అంతా 38.61కి అరగదీసేయండి."

"అంతా తీస్తే? బయటి అచ్చు కూడా పెద్దదేగా. అది తగ్గించలేం. లోపల తగ్గి బయట తగ్గకపోతే గోడ ఏమవుతుంది?"

మందమవుతుంది. గోడ మందమైతే నొక్కడం కష్టం. నొక్కడం కష్టమైతే నాయనమ్మ పౌడరు డబ్బాకే తిరిగి వెళ్తుంది.

ఆయన ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చారు. "నొక్కినప్పుడు మూత ఎక్కడ లోపలికి పోవాలి?"

"చదును చోట్ల."

"అక్కడ లోపల ఖాళీ ఎక్కువుంటే నష్టమా?"

నష్టం కాదు. లాభం. వేలు అదిమినప్పుడు గోడ సీసాకు తగలకుండా పోవడానికి అంత చోటు ఎక్కువ. పళ్ళు వచ్చే చోటా, మర వచ్చే చోటా కోరులో లోతు చేస్తే చాలు. చదును చోట్ల ముట్టుకోనక్కర్లేదు. నా తప్పు అక్కడ అలాగే ఉండిపోవచ్చు.

"ఇది మీరు శనివారమే ఆలోచించారు కదూ?"

"మంగళవారం. నీ కరపత్రం బుధవారం వచ్చింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబ్దామని తలుపు తీశాను. తలుపు మీద అన్యాయం అని రాసుంది."

11వ తేదీ, మంగళవారం

బాబాయ్ గ్రైండింగ్ మీద కూర్చున్నారు. బొటనవేళ్ళతో కాదు, అరచేతి మొదళ్ళతో చక్రం తిప్పుతారు. ఎవరైనా ఇటు వస్తే నేను అడ్డంగా నిలబడ్డాను, బొమ్మ పట్టుకుని, చాలా పనిలో ఉన్నట్టు.

12వ తేదీ, బుధవారం

పదకొండింటికి నమూనాలు వచ్చాయి. నొక్కకుండా తిప్పాను. రాలేదు. లాగాను. రాలేదు. క్వాలిటీ అక్క పళ్ళతో ప్రయత్నించి, "ఇప్పుడు మూతే" అంది. నొక్కాను. వచ్చింది, ఇంత మెత్తగా వస్తుందని నేను కూడా అనుకోలేదు.

ఒకటి ఇంటికి పట్టుకెళ్ళాను. సాయంత్రం నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంటే ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. సీసాను ఒళ్ళో రెండు మోకాళ్ళ మధ్య ఆనించి, చదును చోట వేళ్ళు పెట్టింది. మొదటిసారి జారింది. రెండోసారి వచ్చేసింది.

"ఇదేముందే ఇందులో, ఊరికే వచ్చేసింది. ఇంత సులువైన దానికి అయిదు నెలలా?"

అయిదు నెలల పనికి నేను విన్న మొదటి మెప్పు ఇది. మూత పెట్టింది. మళ్ళీ తీసింది. ఏడుసార్లు.

"ఏం చేస్తున్నావు నాయనమ్మా?"

"సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాలే, నీకెందుకు."

శుక్రవారం రమ్మన్నాను. ససేమిరా అంది. "నలుగురి ముందు ఈ చేతులు పెట్టుకుని కూర్చోవాలా? పోనీలే, ఇంట్లో తీశానుగా, రాసుకో."

ఒకాయన తన మందు సీసాను ఇనుప వైసులో బిగించి తీసుకుంటున్నాడని చెప్పాను. ఎవరో చెప్పలేదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆయనెవరితోనూ చెప్పలేదా?"

"లేదు."

"నేనూ చెప్పలేదుగా" అంది. కాసేపటికి వంటగదిలోంచి, "ఆ బస్సు ఎక్కడ ఎక్కాలే?" అని అడిగింది.

13వ తేదీ, గురువారం, పొద్దున

మేనేజరు గారు పిలిచారు. పన్నెండు మంది పెద్దవాళ్ళను పంపుతామన్న సంఘం చేతులెత్తేసిందట. ఎక్కడికో ప్రయాణం పెట్టుకున్నారట అందరూ.

"ఏం పర్లేదు. మన ఆఫీసువాళ్ళనే పన్నెండు మందిని కూర్చోబెడదాం. చేతులే కదమ్మా."

"వాళ్ళకు ముప్ఫై ఏళ్ళు సార్. ముప్ఫై ఏళ్ళ చేతులకు పాత మూతా వస్తుంది, కొత్త మూతా వస్తుంది. రెండూ ఒకటేనని మీరు రాసుకుంటారు. పాతదే ఉండిపోతుంది."

"మరి రేపటికి అరవై దాటినవాళ్ళను నేనెక్కణ్ణుంచి తేను?"

నోటికి వచ్చింది అనబోయాను. అంతలో తలుపు కొట్టిన చప్పుడైంది. బాబాయ్. నిన్నటి అచ్చు కాగితాల మీద సంతకం కోసం వచ్చారు. ఆఖరి మాటలు విన్నారు కాబోలు. పేర్లు రాసుకోవడానికి నేను తెచ్చుకున్న కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఎర్ర పెన్సిలుతో ఏదో రాసి మేనేజరు గారి ముందు పెట్టారు. "అచ్చు గది పెద్ద. వయసు 61. రెండు బొటనవేళ్ళూ నొప్పి."

మేనేజరు గారు ఆయన చేతుల వైపు చూశారు. బాబాయ్ దాచుకోలేదు, బల్ల మీద పెట్టారు.

"ఈ కోరు ఈ చేతులతోనే రుద్దాను సార్. కొలుచుకోండి. స్టోరు సంగతి తర్వాత మాట్లాడదాం."

మేనేజరు గారు కొలవలేదు. "సాయంత్రంలోగా ఇంకో పదకొండు మందిని చూపించండి" అన్నారు, ఆ కాగితం నాకు తిరిగిస్తూ. మెట్ల దగ్గర బాబాయ్‌ను అడిగాను.

"ఎక్కడా అనొద్దన్నారుగా?"

"నువ్వు అనలేదుగా. నేను అన్నాను. ఊరికే నిలబడకు, రాయి. ఆ పని నీకు బాగా వచ్చు."

క్యాంటీన్ తలుపుకు అంటించడానికి రాసింది ఇక్కడ ఎక్కించుకుంటున్నాను. అన్యాయం అనే మాట ఒకసారి వచ్చింది, కొట్టేశాను.

అందరికీ.

మన ఫ్యాక్టరీ సీసా మూత తీయలేక, ఆ సంగతి ఎవరికీ చెప్పలేక, బిళ్ళలు పౌడరు డబ్బాల్లో పోసుకుంటున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. మీ ఇంట్లో లేరనుకుంటే అలమర వెతకండి.

కొత్త మూత తయారైంది. రేపు అరవై దాటినవాళ్ళు పన్నెండు మంది దాన్ని తీసి చూడాలి. లేకపోతే పాతదే ఇంకో పదేళ్ళు. ఇప్పటికి ఇద్దరున్నారు: అచ్చు గది బాబాయ్, 61. మా నాయనమ్మ, 74. ఇంకా పది మంది కావాలి.

మీ అమ్మనూ, నాన్ననూ, అత్తనూ, మేనమామనూ, మెట్లెక్కలేని పక్కింటావిడనూ తీసుకురండి. రానంటే, మూత బాగోలేదని నన్ను నాలుగు తిట్టి వెళ్ళడానికైనా రమ్మనండి. రాకపోకలకు ఫ్యాక్టరీ బస్సు మన ఇళ్ళ దాకా వస్తుంది, డ్రైవరును నేనే అడిగాను.

రేపు, శుక్రవారం, ఉదయం పది గంటలకు, క్యాంటీన్‌లో కిటికీల పక్క బల్లల దగ్గర. వేళ్ళు బాగా నొప్పి పెట్టేవాళ్ళకు ముందు వరస.